మూత్రపిండ శస్త్రచికిత్స పిమ్మట రక్తస్రావము: ‘వేడి చేసినది’ అని ఉపేక్షింపరాదు

మూత్రము ఎర్రగా వచ్చినచో మన ఇండ్లలో మొదట వినవచ్చు మాట ‘వేడి చేసినది’ అని. వెంటనే ధనియాల నీరు, బార్లీ గంజి, సబ్జా గింజలు, పల్లేరు కషాయము, కొండపిండి ఆకు, ఇట్లు పెద్దలెరిగిన చలువ ఉపాయములన్నియు ఒకదాని వెంట ఒకటి వచ్చును. వేసవిలో మూత్రము పచ్చబడి మంట పుట్టినపుడు వీనిలో కొన్ని మేలు చేయుననుటలో సందేహము లేదు. అయితే మూత్రపిండమునకు శస్త్రచికిత్స జరిగి నెల దినములైనను నిండని వ్యక్తికి మూత్రమునందు రక్తము కనబడినపుడు అదే మాటను నమ్మి ఇంట కూర్చుండుట ప్రాణాపాయమునకు దారి తీయవచ్చును. రోబో యంత్ర సహాయమున చేయు శస్త్రచికిత్సలు మన ప్రాంతమున నానాటికి హెచ్చుచున్నవి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో సైతము 2023లో ఈ యంత్రము నెలకొల్పబడినది. కనుక ఈ విషయమును గృహవైద్యమును ఆదరించు పాఠకులు తప్పక తెలిసికొనవలసి యున్నది.

రోబో శస్త్రచికిత్స అనగా నేమి?

రోబో అనినంతనే యంత్రము తనంతట తానే కోయునని కొందరు భావింతురు. అది నిజము కాదు. శస్త్రవైద్యుడు కొంత దూరమున ఒక పీఠముపై కూర్చుండి, కడుపులోని భాగములను పెద్దవిగా చూపు తెరను చూచుచు, తన చేతివ్రేళ్ళతో మీటలను కదలించును. ఆ కదలికలనే యంత్రపు సన్నని చేతులు రోగి ఉదరమున చిన్న రంధ్రముల గుండా అనుసరించును. ‘డా విన్సీ’ అను ఇట్టి యంత్రమునకు 2000 సంవత్సరమున అమెరికాలో ప్రభుత్వ అనుమతి లభించినది. కోత చిన్నది, నొప్పి తక్కువ, రోగి త్వరగా లేచి తిరుగును. ఇవి దీని సుగుణములు.

మూత్రపిండమున చిన్న గడ్డ పుట్టినపుడు పూర్వము మూత్రపిండమునంతటిని తీసివేయుచుండిరి. నేడు గడ్డ 4 సెంటీమీటర్లకు లోబడి యున్నచో, అనుకూలమైన చోట ఉన్నపుడు అంతకు పెద్దదైనను, గడ్డను మాత్రము కోసి తీసి, మిగిలిన మూత్రపిండమును కాపాడుచున్నారు. దీనిని ‘పార్షియల్ నెఫ్రెక్టమీ’ అందురు. కోయునపుడు మూత్రపిండమునకు రక్తము తెచ్చు ప్రధాన ధమనిని తాత్కాలికముగా బిగించి, సాధారణముగా 25, 30 నిమిషములలోపుగా గడ్డను తీసి, కోసిన చోటును పొరలుపొరలుగా కుట్టి, బిగింపును వదలుదురు. ఈ కోసి కుట్టిన చోటనే మనము చెప్పుకొనబోవు చిక్కు అంతయు ఉన్నది.

మూత్రపిండమున రక్తప్రవాహము

రెండు మూత్రపిండములును కలిసి సుమారు 300 గ్రాముల బరువు తూగును. శరీరపు బరువులో ఇది అత్యల్పము. అయినను గుండె పంపు రక్తములో సుమారు అయిదవ వంతు, అనగా నిమిషమునకు ఇంచుమించు ఒక లీటరు, ఈ రెంటికే చేరును. రక్తమును వడపోయుటే వీని పని కనుక ఇంత ప్రవాహము అవసరమైనది.

ప్రధాన ధమని మూత్రపిండమున ప్రవేశించుచు సాధారణముగా అయిదు శాఖలగును. అవి మరల ఉపశాఖలై, వెంట్రుకవలె సన్నబడి లోపలంతయు వ్యాపించును. ఇందొక విశేషము కలదు. ఈ శాఖలు ఒకదానితో ఒకటి కలియవు. ఏ శాఖ పోషించు భాగము ఆ శాఖదే. కాలువ చివరి పొలమునకు వేరొక కాలువనుండి నీరు రానట్లే, ఒక శాఖ మూసికొనిపోయినచో ఆ భాగమునకు వేరొక దారి లేదు. ఈ సంగతి చికిత్సను గూర్చి చెప్పునపుడు మరల పనికివచ్చును.

రెండు విధముల చిక్కు

మొదటిది ‘సూడో ఎన్యూరిజమ్’. దీనిని నెత్తుటి తిత్తి యని చెప్పుకొందము. గడ్డను కోయునపుడో, సూదితో కుట్టునపుడో ఒక చిన్న ధమనికి గాటు పడును. ఆ గాటుగుండా రక్తము వెలుపలికి వచ్చి ప్రక్కనున్న కండలో చిన్న మడుగు కట్టును. నిజమైన ధమనికి మూడు పొరల గోడ కలదు. ఈ మడుగునకు అట్టి గోడ లేదు. చుట్టునున్న కండయు, గడ్డకట్టిన రక్తమును మాత్రమే దానిని ఆపియున్నవి. పంటకాలువ గట్టునకు చిన్న బెజ్జము పడి, నీరు గట్టు ప్రక్కన గుంటలో చేరి, ఆ గుంటను మెత్తని బురద మాత్రమే ఆపియున్నచో ఎట్లుండునో ఇదియు అట్టిదే. ప్రతి గుండెపోటుకును లోపలి ఒత్తిడి ఆ బురదను త్రోయుచునే యుండును.

రెండవది ‘ఆర్టీరియో వీనస్ ఫిస్టులా’. ఇది ధమనికిని సిరకును నడుమ ఏర్పడిన దొంగదారి. పంటకాలువయు, మురుగుకాలువయు ప్రక్కప్రక్కన పారుచుండగా నడిమి గట్టు తెగినచో, పొలమునకు పోవలసిన నీరు పొలము చేరకయే మురుగుకాలువలో పడిపోవును. అట్లే ఒత్తిడి అధికముగా గల ధమనీరక్తము నేరుగా సిరలో దూకును. డయాలిసిస్ రోగులకు చేతియందు వైద్యులు బుద్ధిపూర్వకముగా చేయు ఫిస్టులా వేరు. అది ప్రయోజనమునకై కల్పించినది. మూత్రపిండమున గాయమువలన పుట్టినది వ్యాధి. ఇది చిన్నదైనచో తనంతట మూసికొనిపోవచ్చును. పెద్దదైనచో మూత్రమున రక్తము, రక్తపోటు పెరుగుట, మిక్కిలి పెద్దదైనపుడు గుండెపై భారము, ఆయాసము కలుగును.

ఇవి రోబో యంత్రమునకు మాత్రమే చెందిన దోషములు కావు. పెద్ద కోతతో చేసిన శస్త్రచికిత్స పిమ్మటను, సూదితో మూత్రపిండమునుండి ముక్క తీసి పరీక్షించిన పిమ్మటను, వీపునుండి రంధ్రము చేసి రాళ్ళు తీసిన పిమ్మటను ఇట్టివే సంభవింపవచ్చును. రాళ్ళ వ్యాధి మన ప్రాంతమున అధికము కనుక, అట్టి చికిత్స పొందినవారును ఈ వ్యాసమును తమకు వర్తించునట్లే గ్రహింపవలెను. గడ్డ తీసిన రోగులలో బాధ కలిగించు స్థాయిలో ఈ చిక్కు నూటికి ఒకరిద్దరిలో మాత్రమే కనబడును. కనుక శస్త్రచికిత్సకు భయపడవలసిన పని లేదు. భయము వేరు, ఎరుక వేరు.

ఆలస్యముగా ఎందుకు బయటపడును?

ఇది ఈ వ్యాధిలోని మోసము. శస్త్రచికిత్స నాడు అంతయు సవ్యముగానే యుండును. రోగి మూడు నాలుగు దినములలో ఇల్లు చేరును. గాయము మానుచుండును, ఆకలి పుట్టును, ఇంటివారు ఊరడిల్లుదురు. పిమ్మట వారము, పది దినములు, ఎక్కువమందిలో రెండు వారముల ప్రాంతమున, కొందరిలో నెల దాటిన పిమ్మట సైతము, హఠాత్తుగా రక్తము కనబడును.

కారణమేమనగా, మొదటి దినములలో ధమని ముడుచుకొని యుండును. కుట్ల బిగువును, వాపును గాటును అదిమి పట్టియుంచును. గడ్డకట్టిన రక్తము బిరడావలె అడ్డుపడియుండును. దినములు గడచినకొలది వాపు తీయును, ధమని సడలును, ఆ బిరడాను శరీరమే కరిగించుకొనును. రోగి లేచి తిరుగుటతో రక్తపోటును మునుపటి స్థితికి వచ్చును. అపుడు బలహీనమైన చోటు తెగును. తెగినది మూత్రనాళము వైపైనచో రక్తము మూత్రమున కనబడును. వెలుపలి వైపైనచో రక్తము నడుము లోపల చేరును; మూత్రము తేటగానే యుండవచ్చును. ఈ రెండవ సంగతి మిక్కిలి ముఖ్యము. మూత్రమున ఎరుపు లేనంత మాత్రమున అపాయము లేదనుకొనరాదు.

గుర్తింపవలసిన లక్షణములు

1. మూత్రము ఒకసారి తేటపడిన పిమ్మట మరల ఎర్రబడుట. శస్త్రచికిత్స జరిగిన తొలి ఒకటి రెండు దినములలో మూత్రము లేతగులాబి వర్ణమున ఉండుట సహజము. తేటపడి మరల ఎర్రబడుట సహజము కాదు.

2. మూత్రమున రక్తపు గడ్డలు పడుట. గడ్డలు అడ్డుపడి మూత్రము బంధించి పొత్తికడుపు ఉబ్బుట. బీట్‌రూటు తిన్నచో మూత్రము ఎర్రబడవచ్చును గాని గడ్డలు పడవు.

3. శస్త్రచికిత్స జరిగిన వైపున నడుమునందు క్రొత్తగా నొప్పి, బరువు, ఉబ్బు.

4. తల తిరుగుట, చల్లని చెమట, ముఖము పాలిపోవుట, నాడి వేగముగా కొట్టుకొనుట, నిలుచున్నపుడు కన్నులు చీకట్లు క్రమ్ముట.

5. కాలిపిక్క ఒకవైపున వాచి నొప్పి పుట్టుట, లేక హఠాత్తుగా ఆయాసము, ఛాతీలో నొప్పి కలుగుట. ఇది వేరొక చిక్కు; కాలి సిరలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరుటచే కలుగును. ఏ పెద్ద శస్త్రచికిత్స పిమ్మటనైనను రావచ్చును.

వీనిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారనిమ్మని ఆగరాదు. శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికి ఫోను చేసి వెంటనే బయలుదేరవలెను. నాల్గవ లక్షణముగాని, ఆయాసముగాని ఉన్నచో 108 వాహనమును పిలిచి సమీపమున గల పెద్ద ఆసుపత్రికి చేరవలెను. శస్త్రచికిత్స కాగితములను, వాడుచున్న మందుల చీటీని వెంట తీసికొని పోవలెను.

ఆయుర్వేదము ఏమి చెప్పుచున్నది?

మూత్రమార్గమున రక్తము పోవుటను మన శాస్త్రము అధోగ రక్తపిత్తముగా వర్ణించినది. నోరు, ముక్కుల గుండా పోవు ఊర్ధ్వగమును సాధ్యమనియు, అధోగమును యాప్యమనియు, అనగా సులభముగా లొంగనిదనియు పేర్కొన్నది. బలవంతుడై, ఆహారము చక్కగా తీసికొను రక్తపిత్త రోగికి ఆరంభముననే రక్తమును స్తంభింపజేయరాదని చరకాచార్యులు హెచ్చరించిరి. ఈ సూత్రమును పైపైన విన్నవారు ‘చెడు రక్తము పోనిండు’ అని శస్త్రచికిత్స రోగికి సైతము చెప్పుచున్నారు. ఇది శాస్త్రమును అపార్థము చేసికొనుటయే.

ఏలయన ఆ నియమము దోషము ప్రకోపించి రక్తము దుష్టమైన వ్యాధికి చెప్పబడినది. మన శాస్త్రమున వ్యాధులు నిజములు, ఆగంతుకములు అని రెండు విధములు. శస్త్రము తగిలి ధమని తెగినచో అది ఆగంతుకము. అచట పోవునది దుష్టరక్తము కాదు, ప్రాణమును నిలుపు శుద్ధరక్తము. ఇచట చల్లనిది త్రాగించి పిత్తమును శమింపజేసినంత మాత్రమున తెగిన గట్టు పూడదు.

రక్తమును నిలుపుటకు సుశ్రుతాచార్యులు సూత్రస్థానమున నాలుగు ఉపాయములు చెప్పిరి: సంధానము, స్కందనము, పాచనము, దహనము. కషాయరసముచే గాయమును కలుపుట, చల్లదనముచే రక్తమును గడ్డకట్టించుట, భస్మముచే పక్వము చేయుట, కాల్చి సిరలను సంకోచింపజేయుట అని వీని భావము. ఈ నాలుగును రక్తము స్రవించు స్థానమును చేరి చేయవలసిన క్రియలే. నడుము లోపల, మూత్రపిండపు నడుమ ఉన్న చోటును ఇంటిలోని కషాయము చేరలేదు. అచటికి చేరు సాధనము ఎవరి చేతనున్నదో వారివద్దకు పోవుటయే శాస్త్రసమ్మతము. గుల్మము పక్వమైనపుడు కాయచికిత్సకుడు తప్పుకొని ధన్వంతరి సంప్రదాయమువారికి, అనగా శస్త్రవైద్యులకు, అధికారము నీయవలెనని చరకమే నిర్దేశించినది. ఎవరి హద్దు వారెరుగుట మన వైద్యమునకు క్రొత్త కాదు.

కొలదికాలము క్రిందట పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు మా వైద్యశాలకు వచ్చిరి. ఎడమ మూత్రపిండమునుండి గడ్డ తీయించుకొని 13 దినములైనది. ముందునాటి రాత్రినుండి మూత్రము ఎర్రగా పోవుచున్నదని, పల్లేరు కషాయము చెప్పుమని కోరిరి. ప్రయాణపు వేడిమి యని ఇంటివారి నిశ్చయము. నాడి చూడగా వేగముగను, క్షీణముగను ఉన్నది. కనురెప్పల లోపలి భాగము పాలిపోయి యున్నది. కషాయము నీయక, ఆయన కుమారునితో నాలుగు మాటలు చెప్పి అదే వాహనమున ఆసుపత్రికి పంపితిమి. నెత్తుటి తిత్తి పగిలినదని అచట తేలినది. ఆ సాయంత్రమే చికిత్స జరిగి ఆయన మూత్రపిండముతో సహా దక్కిరి. మరియొక పూట కషాయముతో గడపియున్నచో ఏమగునో చెప్పజాలము.

ఆసుపత్రిలో చేయు చికిత్స

ముందుగా రక్తపోటు, రక్తమున హిమోగ్లోబిను చూచి, అవసరమైనచో రక్తము ఎక్కింతురు. పిమ్మట సిరలోనికి మందు ఎక్కించి తీయు ‘సి.టి. యాంజియోగ్రామ్’ అను చిత్రముచే రక్తము కారుచున్న చోటును కనుగొందురు. డాప్లర్ స్కానింగునందును తిత్తిలో రక్తము సుడులు తిరుగుట కనబడవచ్చును. చిన్న తిత్తిని, రోగి స్థిమితముగా ఉన్నపుడు, కొన్ని దినములు కనిపెట్టి చూచుటయు కలదు. ఆ నిర్ణయము వైద్యునిదే గాని ఇంటివారిది కాదు.

ప్రధాన చికిత్స ‘ఎంబోలైజేషన్’. తొడ మూలమునందో, మణికట్టునందో ధమనిలోనికి సన్నని గొట్టమును ప్రవేశపెట్టి, చిత్రమును చూచుచు మూత్రపిండ ధమని శాఖలలో గాటు పడిన శాఖ వరకును పోనిత్తురు. అచట వెంట్రుకవలె సన్నని లోహపు చుట్టలను, ‘కాయిల్స్’ అనువానిని, విడుతురు. చుట్టల చుట్టును రక్తము గడ్డకట్టి దారి మూసికొనును. సుశ్రుతుని నాలుగింటిలో స్కందనము అను మాట ఇచట మనస్సునకు వచ్చును. సాధనము నేటిది, ఉద్దేశము ఒక్కటియే. పెద్ద కోత లేదు, సాధారణముగా పూర్తి మత్తు అవసరము రాదు. ఎక్కువమందిలో ఒక్కసారితోనే రక్తము నిలుచును.

మూత్రపిండ శాఖలకు వేరొక దారి లేదని ముందు చెప్పితిమి. కనుక మూసిన శాఖ పోషించు చిన్న భాగము ఎండిపోవును. అందుచే ఒకటి రెండు దినములు నడుమునొప్పి, కొద్దిపాటి జ్వరము కలుగవచ్చును. అయితే మిగిలిన మూత్రపిండము యథాప్రకారము పనిచేయును. ఆలస్యమైనచోనే ప్రమాదము: రక్తము మితిమీరి పోయి, మరల కడుపు తెరువవలసి వచ్చి, ఏ మూత్రపిండమును కాపాడుటకు ఇంత శ్రమ పడితిమో దానినే తీసివేయవలసి రావచ్చును.

మొదటి నెల పథ్యము, నియమములు

ఇంటి వైద్యమునకు నిజమైన చోటు ఇచటనే కలదు. రాకుండ చూచుకొనుటలో గృహమునకు ముఖ్యపాత్ర యున్నది.

*మలబద్ధము రానీయరాదు.* ముక్కుటచే కడుపులోను, ధమనులలోను ఒత్తిడి పెరుగును. మెత్తని అన్నము, ఉడికించిన ఆకుకూరలు, బీర, పొట్ల, సొర వంటి నీటి కూరలు, పండిన బొప్పాయి హితము. అవసరమైనచో వైద్యుని అనుమతితో ఇసబ్‌గోలును నీటితో తీసికొనవచ్చును. సునాముఖి వంటి తీవ్ర విరేచనములు, ఆముదము పట్టించుట, వస్తికర్మ కూడవు.

*బరువులు ఎత్తరాదు.* నీళ్ళ బిందె, గ్యాసు సిలిండరు, బియ్యపు మూట మాత్రమే కాదు, మనుమలను ఎత్తుకొనుటయు మానవలెను. గతుకుల దారిలో స్కూటరు ప్రయాణము తగదు. సూర్యనమస్కారములు, కపాలభాతి, భస్త్రిక, కడుపుపై భారము వేయు ఆసనములు శస్త్రవైద్యుడు అనుమతించు వరకు విడువవలెను. మెల్లగా నడచుట మాత్రము మంచిది. కాళ్ళలో రక్తము గడ్డకట్టకుండ కాపాడును.

*నడుమునకు అభ్యంగము, కాపడము వలదు.* వాత నొప్పి యని భ్రమించి మర్దనము చేయుట, ఉప్పు మూటతో కాచుట ఈ సమయమున విపరీతము. రక్తస్రావము గలవారికి స్వేదనము నిషిద్ధమని మన శాస్త్రమే చెప్పినది.

*మందుల విషయమున జాగ్రత్త.* గుండెజబ్బునకై ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడువారు వానిని ఎప్పుడు మరల ఆరంభింపవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. తమంతట తాము ఆరంభింపరాదు, తమంతట తాము మానరాదు. వెల్లుల్లి, పసుపు, అల్లము వంటలో వాడుకొను పరిమాణమున భయపడవలసినవి కావు. వానినే గుళికలుగాను, సారములుగాను మందు మోతాదున తీసికొనుట, గుగ్గులు కల్పములు వాడుట ఈ నెలలో మానవలెను. రక్తము గడ్డకట్టు గుణమును ఇవి మందగింపజేయవచ్చును. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను దుకాణములో కొని వాడుట మూత్రపిండమునకు చేటు. లోహభస్మములు, రసౌషధములు మూత్రపిండ రోగికి ఎవరో చెప్పిరని ఈయదగవు.

*రక్తపోటును అదుపున ఉంచవలెను.* ఉప్పు తగ్గించి, ఊరగాయలు, అప్పడములు మాని, నిద్ర చాలినంత పోవలెను. నీరు ఎంత త్రాగవలెనో వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను. దగ్గు పట్టినచో వెంటనే చికిత్స చేయించుకొనవలెను.

శస్త్రచికిత్స జరిగిన తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తించుకొని, నాటినుండి కనీసము నెల దినములు ప్రతి ఉదయము మూత్రపు రంగును గాజు పాత్రలో చూచుకొనుట మంచి అలవాటు. ఇంటివారిలో ఒకరికైనను ఈ లక్షణములు తెలిసియుండవలెను. రాత్రివేళ నిర్ణయము తీసికొనవలసినది రోగి కాదు, ఆతని ప్రక్కనున్నవారే. కషాయము కాచు పొయ్యి ఎక్కడికిని పోదు. రోగి కోలుకొనిన పిమ్మట బలమునకు, జీర్ణశక్తికి, నిద్రకు ఆయుర్వేదము చేయగల మేలు ఎంతయో కలదు. రక్తము కనబడిన వేళ మాత్రము కషాయము వలదు, కాలయాపన వలదు, ఆసుపత్రికే పోవలెను.